హెడ్‌సెట్‌లో నా గొంతు మార్చి నాకే వినిపిస్తున్నారు, మూడ్ కూడా మారుతోంది. నిజమేనా, నా భ్రమా?

వైట్‌ఫీల్డ్_వాణి
బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం. బయటి దేశాల కాల్స్, రాత్రి షిఫ్ట్. కొన్ని నెలల కిందట మా సిస్టమ్స్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేశారు. మేం మామూలుగా మాట్లాడినా కస్టమర్‌కి కాస్త హుషారుగా, నవ్వుతూ మాట్లాడినట్టు వినిపిస్తుంది. యాస మార్చే సాఫ్ట్‌వేర్ వేరే ఉంది, ఇది అది కాదు. గొంతు నాదే, మాటలు నావే, స్వరాన్ని మాత్రం కొంచెం పైకి లేపుతుంది.

అంతవరకు నాకు అభ్యంతరం లేదు. గొడవ ఎక్కడంటే, మా వరసలో కొందరికి ఆ మార్చిన గొంతే హెడ్‌సెట్‌లో తిరిగి వినిపిస్తోంది. ఐటీ వాళ్లను అడిగితే టికెట్ వేయమంటారు. వేస్తే క్లోజ్ చేస్తారు.

కస్టమర్ నోటికొచ్చినట్టు తిడుతున్నా నాకు రావాల్సిన కోపం రావడం లేదు. ఏదో సరదాగా కబుర్లు చెబుతున్నట్టే అనిపిస్తుంది. షిఫ్ట్ అయ్యాక క్యాబ్ డ్రైవర్‌తో నాలుగు ముక్కలు మాట్లాడితే నా గొంతు నాకే నీరసంగా వినిపించి, నిజంగానే దిగులు పట్టుకుంటుంది. మన గొంతు మార్చి మనకే వినిపిస్తే మనసు కూడా మారుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి. "ఎక్కువ ఆలోచించకు" అని మాత్రం రాయకండి, ఆ సలహా ఇంట్లో ఫ్రీగా దొరుకుతోంది.

బీటీఎమ్_బాషా
ఆ సాఫ్ట్‌వేర్ పేరు చెప్పక్కా, మా మేనేజర్ లాప్‌టాప్‌లో వేస్తా. అప్రైజల్ రోజు కనీసం నవ్వుతూ తిడతాడు.

లెక్కల_మాస్టారు
గొంతు దాకా వెళ్లనక్కర్లేదమ్మా. రాత్రి షిఫ్ట్, చాలని నిద్ర, షిఫ్టంతా ముక్కూ మొహం తెలియనివాళ్ల తిట్లు. దిగులుకి వీటిలో ఏ ఒక్కటైనా చాలు. పైగా సాఫ్ట్‌వేర్ హుషారు తెప్పిస్తుందని మీకు ముందే చెప్పేశారు. వస్తుందని చెబితే వచ్చినట్టే ఉంటుంది. ఉత్త చక్కెర మాత్ర ఇచ్చినా కొందరికి తలనొప్పి తగ్గుతుంది కదా.

సౌండ్_సుబ్బు
మాస్టారూ, సరిగ్గా ఆ అనుమానానికి జవాబు వెతికిన ప్రయోగం ఒకటి ఉంది. నేను ఆడియో పనిలో ఉన్నాను కాబట్టి అప్పట్లో ఆసక్తిగా చదివాను.

2016లో పీఎన్ఏఎస్ అనే సైన్స్ పరిశోధన పత్రికలో వచ్చింది. ప్యారిస్‌లో ఇర్కామ్ అని సంగీతం, శబ్దం మీద పరిశోధన చేసే సంస్థ ఉంది. అక్కడి జాన్ జూలియన్ ఓకుటురియే, స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ నుంచి పెట్టర్ యోహాన్సన్, లార్స్ హాల్, జపాన్ నుంచి కట్సుమి వతనబే, ఇంకొందరు కలిసి చేశారు. మనుషులకు హెడ్‌సెట్ పెట్టి ఒక చిన్న కథ పైకి చదవమన్నారు. చదువుతుంటే వాళ్ల గొంతు వాళ్ల చెవుల్లో వినిపిస్తుంది. మొదట మామూలుగానే. తర్వాత ఒక్క మాట కూడా చెప్పకుండా, కొద్దికొద్దిగా, కొందరి గొంతును సంతోషం వైపు, కొందరిది విచారం వైపు, కొందరిది భయం వైపు జరుపుకుంటూ పోయారు. ఇంకో గుంపుకి ఏమీ మార్చలేదు. చదవక ముందు, చదివాక మూడ్ ఎలా ఉందో ప్రశ్నలతో కొలిచారు.

సంతోషం కావాలంటే శృతి కాస్త పెంచి, పై ఫ్రీక్వెన్సీలకు బలం ఇస్తారు. విచారానికి శృతి దించి, పై ఫ్రీక్వెన్సీలు కోసేసి గొంతును మసకబారుస్తారు. భయానికి సన్నటి వణుకు కలుపుతారు. ఇదంతా మాట్లాడుతుండగానే చేసే టూల్ పేరు డేవిడ్.

ఎక్కువమంది మార్పును పట్టుకోలేదు. పట్టుకోనివాళ్లలో సంతోషం గొంతు విన్నవాళ్ల మూడ్ ఆ వైపు, విచారం గొంతు విన్నవాళ్ల మూడ్ ఈ వైపు జరిగింది. భయం గుంపులో అంత స్పష్టంగా తేలలేదు. ఎవరికీ ముందు చెప్పలేదు కాబట్టి చక్కెర మాత్ర వాదన ఇక్కడ కుదరదు.

కేఆర్‌పురం_కిట్టు
తమ గొంతు తామే గుర్తుపట్టకపోవడం ఏంటన్నా? మా అమ్మ కర్నూలు నుంచి ఫోన్‌లో "హలో" వినగానే "ఏంట్రా గొంతు అలా ఉంది, తిన్లేదా" అంటుంది.

ఇడ్లీ_ఇందిర
కిట్టు, ఎదుటివాళ్ల గొంతు మీద మనకు చెవి ఉంటుంది, మన గొంతు మీద ఉండదు. నేను మా ఆయన మీద అరుస్తూ "నేను మామూలుగానే మాట్లాడుతున్నా" అంటాను. ఆ క్షణంలో అది నా మనసారా నమ్మకం.

బీటీఎమ్_బాషా
మీ ఆయన ఈ థ్రెడ్ చదువుతున్నారా అండీ

ఇడ్లీ_ఇందిర
చదివితే సంతోషమే

సౌండ్_సుబ్బు
యోహాన్సన్, హాల్ ఇద్దరూ ఇలాంటి తమాషాల్లో పాత కాపులు. 2005లో సైన్స్ పత్రికలో వాళ్లదే ఇంకో ప్రయోగం. రెండు ముఖాల ఫొటోలు చూపించి ఏది నచ్చిందో చెప్పమన్నారు. చెప్పాక చేతివాటంతో ఫొటో మార్చేసి, "ఇది ఎందుకు నచ్చింది" అని అడిగారు. చాలామంది మార్పు గమనించకుండా, తాము ఎంచుకోని ముఖానికే కారణాలు చెప్పారు. "ఆ చెవిపోగులు బాగున్నాయి" తరహా కారణాలన్నమాట. గొంతు ప్రయోగం దాని తర్వాతి మెట్టు అనుకోవచ్చు.

లెక్కల_మాస్టారు
ప్రయోగం చక్కగానే ఉంది, ఒప్పుకున్నా. నాకు రెండు ఇబ్బందులున్నాయి.

మొదటిది, వాణి గారికి గొంతు మార్చారని తెలుసు. ఆ ప్రయోగం తెలియనివాళ్ల గురించి. దాన్ని తెచ్చి ఈ కేసుకి అతికించడం కుదరదు.

రెండోది, ఇలాంటి మనస్తత్వ ప్రయోగాల చరిత్ర నాకు కొంచెం తెలుసు. 1988లో స్ట్రాక్ అనే ఆయన బృందం జనం పళ్ల మధ్య పెన్ను పెట్టించి కార్టూన్లు చూపించింది. పెన్ను వల్ల నవ్వినట్టు ముఖం సాగుతుంది, కార్టూన్లు ఎక్కువ నవ్వు తెప్పిస్తాయి అన్నారు. పాఠ్యపుస్తకాలన్నీ ఎక్కించుకున్నాయి. 2016లో 17 ల్యాబులు అదే ప్రయోగం మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. సరిగ్గా మీ గొంతు పేపర్ వచ్చిన ఏడాదే!

స్పీచ్_పద్మ
మాస్టారు గారూ, ఆ కథ 2016తో ఆగలేదు. 2022లో 19 దేశాల్లో 3,878 మందితో ఇంకా పెద్ద ప్రయత్నం జరిగింది. నవ్వు ముఖాన్ని చూసి అనుకరించినా, చెప్పినట్టు ముఖ కండరాలు కదిపినా సంతోషం కాస్త పెరిగింది. పెన్ను పద్ధతితో మాత్రం ఏమీ తేలలేదు. కాబట్టి శరీరం నుంచి మనసుకి దారి లేదనలేం. ఆ దారి సన్నం. పెన్ను పెట్టుకుంటే తెరుచుకునేంత సులువు కాదు.

విలియం జేమ్స్ 1884లోనే అన్నాడు, భయం వేసి వణకడం కాదు, వణుకుతున్నాం కాబట్టి భయం అని. అప్పటినుంచీ నడుస్తున్న గొడవే ఇది.

లెక్కల_మాస్టారు
19 దేశాలది నేను చదవలేదు, చూస్తాను. సన్నం అన్నారు చూడండి, నేను చెప్పేదీ అదే. ప్రశ్నల్లో అరమార్కు జరిగిందని ఒకరి రాత్రంతటి దిగులును దాని నెత్తిన వేయకూడదు.

వైట్‌ఫీల్డ్_వాణి
మాస్టారు గారూ, షిఫ్ట్ పాతదే. నిద్ర లేకపోవడం పాతదే. తిట్లు మరీ పాతవి. కొత్తది ఒక్క సాఫ్ట్‌వేరే.

ఇంకోటి, తెలిసినా పనిచేస్తోంది కాబట్టే అడుగుతున్నా. మొదట్లో ఆ గొంతు విని నవ్వొచ్చేది. తర్వాత అది ఉందన్న సంగతే మర్చిపోయా. హెడ్‌సెట్ తీసినప్పుడే గుర్తొస్తోంది.

స్పీచ్_పద్మ
వాణీ, మీరు హెడ్‌సెట్ తీశాక నీరసంగా వినిపిస్తోంది అన్నారు చూడండి, నాకు అదే ఆసక్తిగా ఉంది. నేను స్పీచ్ థెరపిస్టుని, మైసూరులో మాట, వినికిడి చదువులు చెప్పే ఆయిష్ సంస్థలో చదివాను.

మన చెవిలో పడే మన శృతిని ఎవరైనా చప్పున పెంచితే, గొంతు తనకు తానే కొంచెం కిందికి దిగుతుంది. దించితే పైకి వెళ్తుంది. మనం అనుకుని చేసేది కాదు, సెకనులో చిన్న భాగంలో జరిగిపోతుంది. ఈ మార్పు చాలాసేపు అలాగే ఉంచితే గొంతు దానికి అలవాటు పడుతుంది, మార్పు తీసేసిన తర్వాత కూడా ఆ అలవాటు కొంతసేపు మిగులుతుంది. ల్యాబుల్లో చూసిన సంగతే ఇది.

ఇప్పుడు మీ సాఫ్ట్‌వేర్ మీ చెవికి శృతి పెంచి వినిపిస్తోంది. మీ అసలు గొంతు మీకు తెలియకుండా కిందికి జరిగి ఉండే అవకాశం ఉంది. హెడ్‌సెట్ తీయగానే ఆ దిగిన గొంతే వింటున్నారేమో. అంటే నీరసం ఊహ కాదు, నిజంగానే గొంతు కాసేపు దిగి ఉండొచ్చు. పరీక్షించకుండా ఖాయంగా చెప్పను. మీరే చూసుకోవచ్చు. షిఫ్ట్‌కి ముందు, తర్వాత ఫోన్‌లో ఒకే వాక్యం రికార్డ్ చేయండి. శృతి చూపించే యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి.

సౌండ్_సుబ్బు
పద్మ గారూ, ఈ కోణం నాకు తట్టలేదు, బాగుంది. కానీ ఒక చిక్కు. శృతి మారితే గొంతు సర్దుకుంటుంది అంటున్నారు. ఆ ప్రయోగంలో సంతోషం గొంతు విన్నవాళ్లు దాన్ని సరిచేసుకోకుండా సంతోషపడ్డారు కదా?

స్పీచ్_పద్మ
ఆ పేపర్‌లో నాకు నచ్చిన భాగం అదే. శృతి విషయంలో మెదడు దగ్గర ఒక లక్ష్యం ఉంటుంది. సా పాడాలనుకున్నాం, సా రాలేదు, సరిచేయి. భావం విషయంలో అలాంటి లక్ష్యం పెట్టుకుని ఎవరూ మాట్లాడరు. "ఇప్పుడు నేను ఇంత విచారంగా వినబడాలి" అని కొలత ఉండదు కాబట్టి, చెవిలో పడ్డది తేడాగా ఉన్నా సరిచేయాలనిపించదు. నా గొంతు ఇలా ఉందంటే నేను ఇలా ఉన్నానేమో అని మనసు సర్దుకుంటుంది. ఆ పరిశోధకులు చేసిన వాదన కూడా దాదాపు ఇదే.

ఇడ్లీ_ఇందిర
అంటే మనకు కోపం వచ్చిందని మన అరుపు విని మనకే తెలుస్తుందన్నమాట. మా ఇంట్లో జరిగేది అక్షరాలా ఇదే, అరుపు ముందు, కారణం తర్వాత.

వడపళని_గొంతు
బెంగళూరు థ్రెడ్‌లో చెన్నైవాడు దూరుతున్నందుకు ఏమనుకోకండి. తెలుగు డబ్బింగ్ చెబుతుంటా. సీరియళ్లు, డబ్బింగ్ సినిమాల్లో చిన్న పాత్రలు.

సుబ్బు గారు చెప్పింది మా పనిలో రోజూ చూస్తాం. ఏడుపు సీన్‌లో హెడ్‌ఫోన్‌లో నా గొంతు పొడిగా వస్తే ఏడుపు రాదు, గొంతుతో నెట్టాలి. అదే ఇంజనీరు కాస్త రివర్బ్, అంటే పెద్ద గదిలో మోగినట్టు ప్రతిధ్వని, వేసి నిండుగా వినిపిస్తే రెండో వాక్యానికే గొంతు పూడుకుపోతుంది. నాకు నేర్పిన పెద్దాయన మాత్రం హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోమనేవారు. రెండో చెవి ఖాళీగా ఉంటే సొంత గొంతు గాలిలోంచి వినిపిస్తుంది, మెషీన్ గొంతుకి లొంగిపోం అనేవారు. పాట పాడేవాళ్లు కూడా చాలామంది ఇలాగే చేస్తారు, గమనించండి.

వాణి గారూ, మీ హెడ్‌సెట్ ఒక చెవిదా, రెండు చెవులదా?

వైట్‌ఫీల్డ్_వాణి
రెండు చెవులది. బయటి గోల వినిపించకుండా ఉండేది.

వడపళని_గొంతు
ఒకటి వెనక్కి జరిపి చూడండి. సూపర్‌వైజర్ అడిగితే చెవి నొప్పి అనండి.

చిత్తూరు_చిన్నోడు
వడపళని అన్న చెప్పింది వింటే మా ఊరి పద్యాల నాటకాలు గుర్తొచ్చాయి. హార్మోనియం మోతలో పద్యం ఎత్తుకునేటప్పుడు చెవి వెనక అరచెయ్యి పెట్టుకునేవాళ్లు. చిన్నప్పుడు అది స్టైల్ అనుకునేవాణ్ణి.

సౌండ్_సుబ్బు
స్టైల్ కాదు, పనికొచ్చే విద్య. అరచెయ్యి నోటి నుంచి వచ్చే శబ్దాన్ని చెవిలోకి మళ్లిస్తుంది. చుట్టూ మోత ఉంటే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఎత్యేన్ లొంబార్ అనే ఫ్రెంచ్ డాక్టర్ 1911లో రాశాడు కాబట్టి దానికి లొంబార్ ఎఫెక్ట్ అని పేరు. సిల్క్ బోర్డు దగ్గర ఆటోవాళ్లతో మనం అరిచి మాట్లాడేది అందుకే.

బీటీఎమ్_బాషా
కాదన్నా, అది మీటర్ వేయనందుకు

కేఆర్‌పురం_కిట్టు
నేను ఆగలేక ట్రై చేశా. ఫోన్‌లో వాయిస్ మార్చే యాప్ వేసి, బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని, పేపర్ గట్టిగా చదివా. సంతోషం సంగతి దేవుడెరుగు, నత్తి వచ్చేసింది! మాట సాగిపోతోంది, నాలుక తడబడుతోంది. రూమ్మేట్ తాగొచ్చాననుకున్నాడు.

సౌండ్_సుబ్బు
హహ, అది బ్లూటూత్ మహిమ కిట్టు. నువ్వు మాట్లాడిన మాట ఇయర్‌బడ్‌కి చేరేసరికి వంద, రెండొందల మిల్లీసెకన్లు ఆలస్యం అవుతుంది. సొంత గొంతు సుమారు 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వినిపిస్తే ఎంతటి వక్తకైనా మాట తడబడుతుంది. బెర్నార్డ్ లీ 1950లోనే చూపించాడు. దీంతోనే జపాన్‌లో కురిహర, త్సుకద అనే ఇద్దరు ఎదుటివాడి నోరు మూయించే తుపాకీ లాంటి పరికరం చేశారు. దూరం నుంచి గురిపెడితే వాడి మాట వాడికే ఆలస్యంగా వినిపిస్తుంది, వాడు ఆగిపోతాడు. 2012లో దానికి ఇగ్ నోబెల్ ఇచ్చారు, నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి.

వైరు ఇయర్‌ఫోన్స్, ఆలస్యం లేని సౌండ్ కార్డ్ ఉంటే తప్ప ఇంట్లో ఈ ప్రయోగం కుదరదు.

బీటీఎమ్_బాషా
నోరు మూయించే తుపాకీ!! మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌కి ఒకటి ఆర్డర్ పెట్టండి, ఖర్చు నాది.

హెచ్ఎస్ఆర్_అమ్మ
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. మా బాబుకి నత్తి ఉంది, స్కూల్లో ఏడిపిస్తున్నారు. విచిత్రం ఏంటంటే అందరితో కలిసి ప్రార్థన చదివేటప్పుడు, పాట పాడేటప్పుడు ఒక్క అక్షరం ఆగదు. సొంత గొంతు మార్చి వినిపిస్తే నత్తి తగ్గుతుందని ఎక్కడో చదివాను. పైన కిట్టుకేమో ఉల్టాగా జరిగింది. ఏది నిజం?

స్పీచ్_పద్మ
రెండూ నిజమే అమ్మా. నత్తి లేనివాళ్లకు ఆలస్యం వల్ల మాట తడబడుతుంది. నత్తి ఉన్నవాళ్లలో కొందరికి అదే ఆలస్యం, లేదా శృతి మార్పు, మాట సాఫీగా వచ్చేలా చేస్తుంది. నలుగురితో కలిసి చదివితే నత్తి పోవడం కూడా చాలామందిలో చూస్తాం. ఈ పద్ధతితో చెవిలో పెట్టుకునే పరికరాలు ఉన్నాయి, కానీ ఒకరికి బాగా పనిచేసింది ఇంకొకరికి చేయదు, కొందరిలో మొదట్లో ఉన్న లాభం తర్వాత తగ్గిపోతుంది. ఆన్‌లైన్‌లో చూసి కొనకండి. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్‌లో స్పీచ్ విభాగం ఉంది, ముందు అక్కడ చూపించండి. ఏడిపించే పిల్లల గురించి టీచర్‌తో మాట్లాడటం కూడా వైద్యంలో భాగమే.

హెచ్ఎస్ఆర్_అమ్మ
థాంక్స్ అక్కా. వచ్చే వారం వెళ్తాం.

పాత_కాల్‌సెంటర్
కొంచెం వెనక్కి వెళ్తాను. నేను చాలా ఏళ్ల కిందట ఇదే ఊళ్లో ఇదే పని చేశా. అప్పుడు సాఫ్ట్‌వేర్ లేదు, డెస్క్ మీద చిన్న అద్దం ఉండేది. ముఖం చూసుకుని నవ్వుతూ మాట్లాడమనేవాళ్లు, నవ్వితే గొంతులో తెలుస్తుందని. ఆర్లీ హాక్‌షీల్డ్ అనే సోషియాలజీ ప్రొఫెసర్ 1983లో విమానాల్లో పనిచేసే అమ్మాయిల గురించి రాసింది కూడా ఇదే, జీతం కోసం నవ్వును పండించాల్సి రావడం ఒక రకమైన శ్రమ అని.

అద్దానికీ దీనికీ తేడా ఉంది. అద్దం చూసి నవ్వింది నేను. విసుగొస్తే అద్దం తిప్పేసేదాన్ని. ఇక్కడ నవ్వు మెషీన్ నవ్వుతోంది, దాన్ని నా చెవిలో పోసి నేనే నవ్వానని నమ్మిస్తోంది. వాణి, నీకు కోపం రావట్లేదన్నావు, నాకు భయం వేసింది. తిట్టినవాడి మీద కోపం రావడం ఆరోగ్యం.

లెక్కల_మాస్టారు
ఇందులో నేను పాత_కాల్‌సెంటర్ గారి పక్షం. ప్రభావం పెద్దదా చిన్నదా అన్నది వేరే లెక్క. చెప్పకుండా చేయొచ్చా అన్నది ఇంకో లెక్క. ల్యాబులో అయితే ప్రయోగం అయ్యాక కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాలి. ఆఫీసులో ఎవరు చెబుతారు?

కోరమంగళ_కోడర్
అందరూ మరీ విలన్‌ని చేస్తున్నారు. వైపు మార్చి చూడండి. సాఫ్ట్‌బ్యాంక్ 2024లో ప్రకటించింది, కోపంగా అరిచే కస్టమర్ గొంతును మెత్తబరిచి ఏజెంట్‌కి వినిపించే టెక్నాలజీ. మాటలు మారవు, స్వరంలో కారం తగ్గుతుంది. తిట్లు తినేవాళ్లని కాపాడటానికే. అలాగే డేవిడ్ పేపర్ రాసినవాళ్లు కూడా దీన్ని వైద్యానికి వాడొచ్చని అన్నారు. డిప్రెషన్ ఉన్నవాళ్లు తమ చేదు జ్ఞాపకాన్ని తామే కాస్త తేలికైన గొంతుతో చెప్పుకుంటూ వింటే మేలు జరగొచ్చని. కత్తి కూరగాయలు కూడా కోస్తుంది.

పాత_కాల్‌సెంటర్
కూరగాయలు కోసేవాడి చేతిలో కత్తి ఉండాలి కదా బాబూ. వాణి చేతిలో ఆఫ్ బటన్ ఉందా?

కోరమంగళ_కోడర్
లేదు. ఉండాలి. ఆ మాట ఒప్పుకుంటా.

తెనాలి_వకీలు
చట్టం మాట అడుగుతారని నేనే చెబుతున్నా. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఉంది, కానీ ఉద్యోగ అవసరాల కోసం యజమాని కొంత డేటా వాడుకునే వీలు అందులోనే ఉంది. దాన్ని పట్టుకుని రేపే గెలుస్తామని అనుకోవద్దు. హెచ్‌ఆర్‌కి మెయిల్ రాయండి. నోటితో అడగొద్దు. "మార్చిన నా గొంతు నాకు వినిపిస్తోంది, దానివల్ల ఇబ్బందిగా ఉంది, నా హెడ్‌సెట్‌లో ఆపండి" అని మూడు ముక్కలు. ఆరోగ్య ఇబ్బంది అని రాతలో ఉంటే టికెట్ మూసేయడం వాళ్లకి అంత సులువు కాదు.

రాజు_రికార్డింగ్స్
మధ్యలో నాదో చిన్న డౌట్. నేను కరావోకేలో ఎకో వేసుకుంటే బ్రహ్మాండంగా పాడుతున్నట్టు ఉంటుంది, ధైర్యం వస్తుంది, ఇంకో పాట ఎత్తుకుంటా. అదే రికార్డింగ్ తర్వాత వింటే పారిపోవాలనిపిస్తుంది. ఇదీ ఇదేనా?

సౌండ్_సుబ్బు
మొదటి సగం ఇదే. ఎకో తప్పులను కప్పేసి గొంతును నిండుగా చేస్తుంది, నీ నమ్మకం పెరుగుతుంది, నమ్మకం పెరిగితే గొంతు తెరుచుకుంటుంది. రెండో సగం వేరే. మనం మాట్లాడేటప్పుడు గాలితో పాటు పుర్రె ఎముకల ద్వారా కూడా సొంత గొంతు వింటాం, ఎముకలు మంద్రాన్ని బాగా మోస్తాయి. రికార్డింగ్‌లో ఆ మంద్రం ఉండదు, అందుకే సన్నగా, పరాయిగా వినిపిస్తుంది. హోల్జ్‌మన్, రౌజీ అని ఇద్దరు సైకాలజిస్టులు 1966లో దీని మీదే రాశారు. రికార్డులో తన గొంతు విన్న మనిషి ఉలిక్కిపడేది తేడా వల్లే కాదు, తాను అనుకోకుండా బయటపెట్టిన భావాలు అందులో వినబడటం వల్ల కూడా అని వాళ్ల వాదన.

ఇడ్లీ_ఇందిర
వామ్మో. నా వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు నేను మళ్లీ వినకపోవడానికి కారణం ఇదన్నమాట.

రాజు_రికార్డింగ్స్
అయితే శృతి తప్పితే దానంతటదే సరిచేసే ఆటోట్యూన్ వేసి పాడితే ఇంకా ఆనందం రావాలి కదా

వడపళని_గొంతు
రాదు తమ్ముడూ. పాడేటప్పుడే చెవిలో ఆటోట్యూన్ వినిపిస్తే కొందరు గాయకులకు చిరాకు. తాము ఒక గమకం వేస్తే అది ఇంకోటి వినిపిస్తుంది. పద్మ గారు చెప్పిన లక్ష్యం సంగతి అక్కడ పనిచేస్తుందనుకుంటా. శృతి వాళ్ల లక్ష్యం కాబట్టి తేడా వెంటనే గుచ్చుకుంటుంది.

సౌండ్_సుబ్బు
సంబంధం లేని ముచ్చట ఒకటి. 1997లో ఆటోట్యూన్ తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కంపెనీల కోసం భూమి లోపలి ప్రకంపనల సిగ్నళ్లు విశ్లేషించే పని చేశాడు. చమురు వెతికే లెక్కలే గాయకుల గొంతుకి పనికొచ్చాయి.

వైట్‌ఫీల్డ్_వాణి
అప్‌డేట్. వడపళని గారు చెప్పినట్టు ఒక చెవి ఖాళీగా ఉంచి షిఫ్ట్ చేశా. ఒకడు రీఫండ్ గురించి అరిస్తే నాకు చాలా రోజుల తర్వాత మంచి కోపం వచ్చింది! మ్యూట్ నొక్కి తెలుగులో నాలుగు అన్నా. పక్క సీటు తమిళమ్మాయి అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టింది.

పద్మ గారు చెప్పిన రికార్డింగ్ కూడా చేస్తున్నా. షిఫ్ట్ తర్వాత శృతి కొంచెం కిందే చూపిస్తోంది, కానీ రాత్రంతా మాట్లాడి అలిసినా అలాగే ఉంటుంది కదా? వకీలు గారి మెయిల్ ఇవాళ పంపా.

స్పీచ్_పద్మ
ఉంటుంది. అందుకే రెండు చెవులూ మూసుకున్న షిఫ్ట్‌లూ, ఒక చెవి తెరిచిన షిఫ్ట్‌లూ వేరువేరుగా రాసుకోండి. మాట్లాడిన సమయం దాదాపు ఒకటే అయితే తేడా చెవిదే అని కొంత నమ్మొచ్చు. మంచినీళ్లు తాగుతూ ఉండండి. దిగులు ఆగకుండా ఉంటే మాత్రం గొంతు సంగతి పక్కన పెట్టి 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు.

లెక్కల_మాస్టారు
రికార్డింగ్ పోల్చి చూస్తున్నారు, సంతోషం. కానీ ఏ షిఫ్ట్‌లో ఏం చేశారో మీకు తెలుసు, కాబట్టి మూడ్ మార్కులు మీరే వేసుకుంటే నేను నమ్మను. సుబ్బు దగ్గర సామాను ఉంది కాబట్టి మనమే సరిగ్గా చేద్దామా? గొంతు మార్చే మీట ఎటు జరిపారో చదివేవాళ్లకీ తెలియకూడదు, మార్కులు రాసేవాళ్లకీ తెలియకూడదు.

సౌండ్_సుబ్బు
నేను రెడీ. వైరు హెడ్‌ఫోన్స్, సౌండ్ కార్డ్ నావే. పెద్దలు మాత్రమే వస్తారు, ఏం చేస్తున్నామో ముందే రాసి సంతకాలు తీసుకుంటా. ఏ వైపు అన్నది చెప్పను, అంతే.

చిత్తూరు_చిన్నోడు
ఆదివారం కబ్బన్ పార్కులో పెట్టుకుందాం

సౌండ్_సుబ్బు
బయట వద్దు, పిల్లల అరుపులకి అందరూ గొంతు పెంచేస్తారు. లొంబార్ గారిని పిలవొద్దు.

హెచ్ఎస్ఆర్_అమ్మ
మా ఇంట్లో పెట్టుకోండి, లోపలి గది నిశ్శబ్దంగానే ఉంటుంది. టిఫిన్ నాది.

లెక్కల_మాస్టారు
టిఫిన్ ప్రయోగం అయ్యాకే. ఉప్మా పెడితే ఒకరికి మూడ్ పెరుగుతుంది, ఒకరికి తగ్గుతుంది. చదవడానికి కథ వద్దు, ఏ భావమూ లేని కాగితం కావాలి.

కేఆర్‌పురం_కిట్టు
బెస్కామ్ కరెంటు బిల్లు తెస్తా

ఇడ్లీ_ఇందిర
బిల్లు చూస్తే మీట జరపకుండానే ఏడుస్తాం. బీఎంటీసీ బస్సు రూట్ల పట్టిక తీసుకురా.

సౌండ్_సుబ్బు
పట్టిక బాగానే ఉంటుంది, కానీ అంకెలు ఎక్కువైతే గొంతు ఎటూ కదలదు, మార్చడానికి ఏమీ మిగలదు. తెలుగులో ప్రెషర్ కుక్కర్ వాడే విధానం ఉంటుంది కదా, అట్టపెట్టెలో వచ్చే కాగితం, అలాంటిది నాలుగు పేజీలు. ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో పెట్టండి, ప్రింట్లు నేను తీయిస్తా. వచ్చేవాళ్లు కింద పేరు రాయండి, ఆరుగురు దాటితే రెండో ఆదివారం కూడా పెట్టుకుందాం.

బీటీఎమ్_బాషా
నేను వస్తా. నాకు సంతోషం వైపు జరపన్నా, సోమవారం అప్రైజల్ ఉంది.

లెక్కల_మాస్టారు
బాషాని లిస్టులోంచి తీసేయండి.